పచ్చ ప్యాకెట్

తైవాన్‌లోని తైచుంగ్ శివారు స్క్రూల ఫ్యాక్టరీలో పనివాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు. ఆఫీసు గదిలో మెకానిక్ కో జుయ్‌లిన్ అక్కడి కంప్యూటర్ విప్పుకుని నేల మీద కూర్చుంది. అందులో డిస్కుల్ని నడిపే కార్డులు రెండున్నాయి. ఏ ఒక్కటి పెట్టినా బాగానే నడుస్తోంది. రెండూ కలిపి పెడితే చాలు, ఒకదాని డిస్కులు మాయం.

“చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ణి పిలుస్తా,” అన్నాడు మేనేజర్ తూ, వెనక నిలబడి కరకరా ఏదో నములుతూ.

“మీరు నోరు మూసుకుంటే పని తెములుతుంది,” అంటూ ఆమె తిరిగి చూసి ఉలిక్కిపడింది. మిషన్ బుద్ధిగా ఉండాలని ఇక్కడివాళ్ళు దాని నెత్తిన పెట్టే చిరుతిండి పచ్చ ప్యాకెట్ అతని చేతిలో ఉంది. దాన్ని చింపడానికి ఈ ఊళ్ళో ఎవరికీ చెయ్యి రాదు.

“అది దానిదండీ!”

“రేకుడబ్బాకి తిండి కూడానా? ఆకలేసింది, తిన్నా.”

ఆమె ప్లగ్గు పీకేసి, కార్డులు రెండూ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది. కరకర మాత్రం ఆగలేదు.

“ఇక ఆపుతారా ఆ తిండి?”

“ఎప్పుడో అయిపోయిందిగా,” అంటూ తూ ఖాళీ ప్యాకెట్ బోర్లించి చూపించాడు.

ఇద్దరూ కదల్లేదు. కరకర తెరిచిన కంప్యూటర్ పెట్టెలోంచి వస్తోంది, తాపీగా, నమిలి నమిలి మింగుతున్నట్టు.

తూ గొంతు పీలగా పలికింది. “తల్లీ, నీ దగ్గర ఇంకో ప్యాకెట్టుందా?”

ఆమె లేదన్నట్టు తల ఊపింది.

పెట్టెలో నమలడం ఆగిపోయింది.