శబ్దం చేరని కుర్చీ

“ఈసారి కూడా నీ స్పీకరు మోతకు నా గుండెల్లో దడదడమందంటే, సాయంత్రం రైలుకే ఓడెన్సెలో మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను, ప్రేబెన్,” అంది అతని భార్య మారెన్, కుర్చీలోంచి కదలకుండానే.

పెట్టె లేకుండా ఒట్టి చెక్కపలకకు బిగించిన మంద్రధ్వనుల స్పీకరు సబ్‌వూఫర్‌ను, పలక అంచు ఆమె వైపు ఉండేలా ప్రేబెన్ తిప్పాడు. ముందు నుంచి వచ్చే మోత, వెనక నుంచి వచ్చే మోత పక్కన కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయని అతని నమ్మకం. చర్చి ఆర్గన్ వాద్యం మంద్రస్వరాలు పెట్టాడు.

“వినిపిస్తోందా?”

“లేదు.”

“చూశావా! ఎన్ని పలకలు కోశానో దీనికోసం!”

“బాగానే కోశావు. ఒకే గదిలో ఎప్పట్లాగే నీ సంగీతం నీకు, ఎదురుగా ఉన్న గోడ నాకు.” ఆమె లేచింది. “నువ్వొచ్చి ఇక్కడ కూర్చో. నేనక్కడ కూర్చుంటా.”

“ఇప్పుడెందుకూ?”

“కూర్చోవయ్యా మహానుభావా!”

కూర్చున్నాడు. స్పీకరు పొర అదురుతూనే ఉంది. పలక ఎదుట కూర్చున్న మారెన్ కళ్లు మూసుకుంది; ఆ మోతకు ఆమె చేతిలోని కాఫీ సన్నగా వణుకుతోంది. అతనికి మాత్రం ఏమీ అందలేదు. తన చేతులతో తయారుచేసిన నిశ్శబ్దం ఇంత చల్లగా ఉంటుందని అతడు ఊహించలేదు.

“మారెన్,” అన్నాడు మెల్లగా, “ఎన్నేళ్లుగా కూర్చున్నావు నువ్విక్కడ?”