ఎవరూ ఎక్కని స్టాపు

సరిగ్గా ఏడూ ఇరవైకి ముసలాయన చెయ్యెత్తాడు.

డ్రైవరు పళ్ళు నూరుతూ బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది.

"ఎక్కుతావా తాతా?"

"లేదు బాబూ, ఊరికే. నువ్వు వెళ్ళు."

డ్రైవరు ఈ రూటుకి వచ్చిన ఆరు నెలలుగా రోజూ ఇవే మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు.

"పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టుంది. ఈయనకి వేరే పనేం లేదా అక్కా?" అన్నాడు డ్రైవరు.

కండక్టరు అతనికన్నా పదేళ్ళు పెద్దది. "ఒక్క నిమిషం ఆగితే నీ సొమ్మేం పోయింది తమ్ముడూ?" అంది.

అతని బాధంతా ఆ ఒక్క నిమిషం గురించే.

నిన్న తిన్న కూర ఇవాళ ముట్టని మనిషి అతను. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళే దారి కూడా రోజుకొకటి ఉండాలి. అలాంటివాడికి రోజుకి ఎనిమిదిసార్లు ఒకే రోడ్డు మీద తిరిగే ఉద్యోగం దొరికింది. గానుగెద్దు బతుకు. చివరి స్టాపులో దొరికే పది నిమిషాల్లోనే అతనికి ప్రాణం లేచివచ్చేది. రోజుకో కొత్త వీధిలోకి నడిచి, రోజుకో కొత్త కొట్టులో టీ తాగి వచ్చేవాడు.

ఆ పది నిమిషాల్లోంచి ముసలాయన రోజూ ఒకటి కొరికేస్తున్నాడు.

మలుపు తిరగ్గానే, ఒక ఇరుకు సందు పక్కన ఉంటుంది ఆ స్టాపు. ఎవరైనా చెయ్యెత్తితేనే ఆపాలి. ఈ ఆరు నెలల్లో అక్కడ ఒక్క టిక్కెట్టు తెగలేదు.

చివరికి డ్రైవరు ఆఫీసుకి అర్జీ రాశాడు. 'ఈ స్టాపులో ఎవరూ ఎక్కరు, దిగరు. తీసివేయగలరు.'

కింద సంతకం పెట్టమంటే కండక్టరు నసిగింది. "ఎందుకు ఆపుతున్నాడో ఒక్కసారి ఆయన్నే అడగరాదూ?"

"అడిగేదేముంది అక్కా? మతి చెడింది, అంతే."

వాళ్ళు అడగలేదు. ఆమె సంతకం పెట్టింది. స్టాపు బోర్డు పీకేశారు.

సోమవారం బడులకి సెలవు. రోడ్డు ఖాళీగా ఉంది. బోర్డు పీకిన గుంట పక్కనే నిలబడి ముసలాయన చెయ్యెత్తాడు. బస్సు ఆగకుండా పోయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే అద్దంలో చాలాసేపు కనిపించింది. డ్రైవరుకి రెక్కలొచ్చినట్టు అనిపించింది. ఆ రోజు అతను అల్లం టీ తాగాడు.

మంగళవారమూ సెలవే. ఈసారి ముసలాయన బస్సు వెంట పరుగెత్తాడు. రేకు మీద దబదబా బాదాడు.

"రేపు బడి తెరుస్తారు బాబూ! రేపటి నుంచైనా..."

మిగతా మాటలు ఇంజను చప్పుడులో కలిసిపోయాయి.

"ఏదో చెబుతున్నాడు తమ్ముడూ, పాపం."

"బడి తెరిస్తే నాకేంటక్కా? నేనేమైనా పలక పట్టుకుని వెళ్ళాలా? రేపు విందాంలే."

బుధవారం, ఏడూ ఇరవై. బస్సు మలుపు తిరిగింది.

ముసలాయన రోడ్డు పక్కన లేడు. రోడ్డు మధ్యలో ఉన్నాడు, చెయ్యెత్తి.

డ్రైవరు ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. బస్సు ముసలాయనను కొట్టి, ఇంకో రెండు గజాలు జారి ఆగింది.

అప్పుడు కనిపించింది, ఆయన వెనక ఎవరున్నారో. ఏడెనిమిదేళ్ళ పాప. వీపున పుస్తకాల సంచి, చేతిలో నీళ్ళ సీసా. బస్సు ముందు మూరెడు దూరంలో కొయ్యబారి నిలబడిపోయింది.

సందులో ఇంకో పదిమంది పిల్లలున్నారు. రోజూ బస్సు ఆగగానే, దాని ముందు నుంచి వాళ్ళంతా బిలబిలమంటూ దాటేవాళ్ళు. ఆరు నెలలుగా ఆ పిల్లల్ని అతను చూస్తూనే ఉన్నాడు. వాళ్ళ కోసమే బస్సు ఆగుతోందని ఒక్కరోజూ తట్టలేదు.

కండక్టరు ముసలాయన తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది.

"పాప..." అన్నాడాయన.

"ఏం కాలేదు తాతా. బాగానే ఉంది," అన్నాడు డ్రైవరు, మోకాళ్ళ మీద కూలబడి.

"ఆపావు కదా బాబూ. చాలు."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. అదే ఆయన ఆఖరి మాట.

మధ్యాహ్నం డిపోలో సూపర్‌వైజరు ఒక పాత ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నిన్న సాయంత్రం ఆయన ఇక్కడికొచ్చాడయ్యా. స్టాపు మళ్ళీ పెట్టమని బతిమాలాడు. రేపు చూద్దాంలే పెద్దాయనా అని పంపేశాను. ఇప్పుడు తీసి చూశాను. చదువు."

పైన ఉన్నది డ్రైవరు రాసిన అర్జీ. దాని కింద, ఇరవై రెండేళ్ళ నాటి కాగితం ఒకటి పసుపుపచ్చగా మారిపోయి ఉంది.

'ఈ మలుపులో రోజూ ఉదయం ఏడూ ఇరవైకి పిల్లలు బడికి వెళుతూ రోడ్డు దాటుతారు. దయచేసి ఇక్కడ స్టాపు పెట్టించండి. ఎవరూ ఎక్కకపోయినా ఫరవాలేదు, చెయ్యెత్తడానికి నేనుంటాను.'

అక్షరాలు అలుక్కుపోయాయి. డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. ఒక రోజు ఇంకో రోజులా ఉండకూడదని కోరుకున్నవాడికి, ఇకమీదట రోజూ ఈ బుధవారమేనని అర్థమైంది.

కాగితం అడుగున, సంతకం పైన ఇంకొక్క వాక్యం మిగిలింది.

'మొన్న నా బస్సు కింద పడి చనిపోయిన పాప వయసు ఏడేళ్ళు. ఇట్లు, మొన్నటిదాకా ఈ రూటు డ్రైవరు.'