పాప టీకాల కార్డు

పాపను చేర్చుకోవాలంటే టీకాల కార్డు చూపించాలన్నారు గుణుపూర్ క్రెష్‌లో. సోమవారం నుంచి నేను డ్యూటీకి వెళ్లాలి.

కార్డు నా భార్య దుర్గాభవాని చేతిసంచిలో ఉండేది. ఆమె పోయిన పదో రోజున, ఆమె వస్తువులన్నిటితో పాటు ఆ సంచినీ తెరిచి చూడకుండానే వంశధారలో వదిలేశాను.

మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లాను. కొత్తగా వచ్చిన నర్సు రిజిస్టరు తీసింది.

"కార్డు పారీసినారా? మగోళ్ల చేతికిస్తే అంతే బాబూ," అని నవ్వుతూ పాప టీకాలన్నీ కొత్త కార్డులోకి ఎక్కించింది.

దానితో పాటు ఇంకో కార్డు కూడా నా చేతిలో పెట్టింది.

"ఇది మీ ఆవిడది. పోయిన నెల రెండో కానుపుకి పేరు రాయించుకుని, కార్డు పట్టుకెళ్లనేదు. మూడో నెల వచ్చీసుంటాది. ఇంజక్షనుకి రమ్మని సెప్పండి."

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. అలాగే చెబుతానన్నాను.