గీతకు నలభై పైన

“ఈ పెంచిన డబ్బు మీరే ఉంచుకోండి. నాకొద్దు.”

గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకుని, కిటికీ అవతల చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని చూశాడు. “పెంచలేదని ఏడ్చేవాళ్లని రోజూ చూస్తాను. పెంచారని ఏడ్చేవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా. వద్దంటే ఆపే వీల్లేదండీ. ధరలు పెరిగాయి, అందరికీ భత్యం పెరిగింది. అంతే.”

ఒకప్పుడు తాళాలు బాగుచేసిన ఆ మనిషికి ఆ ఉదయం దాకా ఉన్న ఆస్తి ఇంతే: నెలకు తొమ్మిది వేల ఆరువందల వికలాంగ భత్యం, పొద్దున్నే వచ్చి పొద్దుగూకేదాకా చూసుకునే సహాయకురాలు. ఆమె జీతం ఈ ఆఫీసే ఇచ్చేది. అయితే ఆదాయం పదివేలు దాటనివాళ్లకే ఆ సాయం. ఏటా జరిగే పెంపు ఈసారి అతని భత్యాన్ని పదివేల నలభైకి చేర్చింది. పదివేల గీత మాత్రం ఉన్నచోటే ఉంది. ఒకటో తారీకు నుంచి సహాయకురాలు రాదు.

“ధరలు పెరిగాయని భత్యం పెంచారు. మరి గీత ఎందుకు పెంచలేదు?”

“గీత వేరే శాఖది.”

“ఆ శాఖవాళ్లు బజారుకెళ్లరా?”

గుమాస్తా నవ్వాడు. “పోయినేడు భత్యం పెంచమని మా గేటుకి కుర్చీలు అడ్డం పెట్టింది మీ జట్టే కదా? ముందు వరసలో మీరే ఉన్నట్టు గుర్తు.”

అతను తల దించుకున్నాడు. ముప్పై ఏళ్లు బేరాలాడినవాడు, ధర అడిగి షరతు అడగడం మరిచాడు. తాళంచెవిని వెంట్రుకవాసి ఎక్కువ అరగదీస్తే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

“పోనీ, ఆ నలభై తగ్గించండి. నాలుగొందల నలభై మొత్తం తీసేసుకున్నా సరే. ఎలాగూ ఇంటాయన నిన్ననే అద్దె ఐదొందలు పెంచాడు. అది నా చేతికి రాకముందే ఖర్చయిపోయింది.”

“బేరమా?”

“మీరు ఎక్కువిస్తానంటున్నారు, నేను తక్కువ చాలంటున్నాను. ఇంత మంచి బేరం మీకింకెక్కడ దొరుకుతుంది?”

వెనక కుర్చీ పట్టుకుని నిలబడ్డ సహాయకురాలు కల్పించుకుంది. “ఆయన చేతిలో ఉంటే చెయ్యరా? పదండి సార్.”

గుమాస్తా కంప్యూటరులోకి తొంగిచూశాడు. “ఆరేళ్ల కిందటి పెంపుకే మీరు గీత దాటాల్సింది. అప్పుడెలా గట్టెక్కారు?”

“అప్పుడు మా ఆవిడ సంపాదన కూడా కలిపి లెక్కేశారు. ఆవిడ విడాకులు తీసుకుని వెళ్లిపోయింది. లెక్క కుదిరింది.”

“అయ్యో! కష్టంలో వదిలేసిందన్నమాట.”

“ఎవరి లెక్క వాళ్లది.”

సహాయకురాలు వంగి కుర్చీ బ్రేకు తీసింది. కాస్త గట్టిగానే తీసింది.

వీధి మలుపు తిరిగాక ఆమె అందుకుంది. “వాడి ముందు అంతలా దేబిరించాలా? సిగ్గు లేకపోతే సరి.”

“సిగ్గుపడితే సరుకు అమ్ముడుపోదు.”

“ఇప్పుడు మాత్రం పోయిందా?”

ఇంటికొచ్చాక కుర్చీని మంచానికి ఆనించి, అతని చంకల కింద చేతులు వేసింది. అతను నుదురు ఆమె భుజానికి ఆన్చాడు. ఒక్క తిప్పులో మంచం మీదికి చేర్చింది. మేజోళ్లు లాగి కాళ్లు చూసింది.

“మడమ మళ్లీ ఎర్రబడింది. పూటపూటకీ పక్కకి తిప్పకపోతే పుండవుతుంది.”

పుండయితే ఆసుపత్రి. పోయినసారి అక్కణ్ణుంచి ప్రాణాలతో రావడమే గొప్పయింది.

“ఆ ముసలివాళ్ల ఆశ్రమంలో నీ పని సంగతి ఏమన్నారు?” అనడిగాడు.

“గది ఇస్తారట, తిండి పెడతారట. ఊరికి చాలా దూరం. నెలకోసారి సెలవు.”

“వెళ్లు.”

“అంత తేలిగ్గా అనేశారే!”

“మంచి ధర. మళ్లీ రాదు.”

“నేనేమన్నా తుప్పుపట్టిన తాళాన్నా, వచ్చిన ధరకి వదిలించుకోడానికి?”

“తుప్పుపట్టింది నేను. నువ్వింకా పనికొస్తావు.”

ఆమె నవ్వలేదు. “జీతం లేకుండా ఇక్కడే ఉండిపోతే? ఇంకెక్కడైనా ఒకపూట పనిచేసి తెస్తాను.”

“తెచ్చావా, ఒకే ఇంటికప్పు కింద ఉంటే ఒకే కుటుంబం అంటారు. నీ సంపాదన తెచ్చి నా లెక్కలో కలుపుతారు. ఉన్న భత్యమూ ఊడుతుంది. ఇద్దరం మునుగుతాం.”

“కలిసేగా!”

అతను గోడవైపు చూశాడు. “ఇద్దరూ మునిగే బేరం ఎవరూ చెయ్యరు.”

ఆమె నీళ్ల సీసాలు, మాత్రలు అతని చేతికందే చోటుకి జరిపింది. మంచం కోడుకి తాడు కట్టి, కొస అతని చేతిలో పెట్టింది. “ఇది పట్టుకుని తిరగండి, చూద్దాం.”

అతను లాగాడు. సగం తిరిగి వెనక్కి పడ్డాడు. ఇంకోసారి లాగాడు. ఈసారి సగం కూడా తిరగలేదు.

“అలవాటవుతుందిలే,” అన్నాడు ఆయాసపడుతూ.

“అవదు,” అందామె.

చెప్పులు వేసుకుని గడప దాకా వెళ్లింది. మళ్లీ వచ్చి దుప్పటి సరిచేసింది. ఆ తర్వాత తలుపు మూసిన చప్పుడు, మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించాయి.

అతను పడుకునే లెక్క చూసుకున్నాడు. ఈ ఏటి పెంపుకి వచ్చింది నాలుగు వందల నలభై, అదీ అద్దెకే చాలదు. పోయింది ఆమె. ఆరేళ్ల కిందటి పెంపుకి వచ్చింది ఇంకా తక్కువ, రెండు వందల పది.

అప్పుడు భార్యగా పోయిందీ ఆమే.