పరకాల పసరు

పరకాల అంగట్లో నాటు వైద్యుడు వీరభద్రం పసరు డబ్బా మూత తీశాడో లేదో, వెనక నుంచి ఎవరో రాజమల్లు చెయ్యి పట్టుకున్నారు.

"పెట్టుకోకు తమ్మీ. పెద్ద దవాఖానకు పోయి కోయించుకో."

ముఖం నిండా తువ్వాల చుట్టుకున్న మనిషి. కళ్లు తప్ప ఏమీ కనబడవు. మాట ముద్దముద్దగా వస్తోంది.

రాజమల్లు చెంప మీద పుండు ఏడాదిగా మానలేదు. వరంగల్ డాక్టరు క్యాన్సరన్నాడు. ఇప్పుడే కోస్తే పోతుందన్నాడు. కత్తి పేరు వినగానే భార్య సమ్మమ్మ మొగుణ్ణి ఇంటికి తీసుకొచ్చేసింది. అందుకే ఈ పసరు. ఏవో ఆకులు, జీడిగింజ, జిల్లేడు పాలు పోసి నూరింది.

"నువ్వెవలవయ్యా మాకు చెప్పనీకి?" అంది సమ్మమ్మ.

వీరభద్రం నవ్వాడు.

"ప్రతి అంగడికి వస్తడమ్మా, నా గిరాకి చెడగొట్టనీకి. దవాఖానోల్లకు అల్లుడేమో. గీ ఫోటో చూడు. నేను మాన్పిన మనిషి."

ఫోటోలో ఒకాయన తలపాగా చుట్టుకుని నిండుగా నవ్వుతున్నాడు. ముక్కు పక్కన మానిన మచ్చ. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది.

"మీద తోలు మూసుకుంటది. లోపల తింటనే ఉంటది," అంటూ తువ్వాల మనిషి ముడి విప్పబోయాడు.

సమ్మమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"విప్పకు. నీ రోగం మాకంటిస్తవా? అవుతల పో."

ముడి మీద వేళ్లు ఆగిపోయాయి. తల వంచుకుని జనంలోకి వెళ్లిపోయాడు.

పసరు మంటకు రాజమల్లు దుప్పటి కొరికేవాడు.

"మండితేనే మందు పట్టినట్టు," అనేది సమ్మమ్మ.

దసరాకు పుండు మీది నల్ల చెక్కు రాలింది. కింద లేత తోలు. మేడారం సమ్మక్కకు మొగుడెత్తు బెల్లం మొక్కుకుంది.

మరుసటేడు జాతరకు తక్కెడలో కూర్చోబెడితే, మొక్కిన నాటి మనిషిలో సగం లేడు.

దవాఖానలో డాక్టరు దవడ కింద గడ్డలు తడిమాడు.

"అప్పుడే రావాల్సింది," అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ మంచం మీద తువ్వాల మనిషి. రాజమల్లు చెంప వంక చూశాడు.

"పెట్టిన్రా?"

"పెట్టినం అన్నా," అంది సమ్మమ్మ.

ఆయన గోడ వైపు తిరిగాడు.

తెల్లారి లేవలేదు. తన వాళ్లంటూ ఎవరూ రాలేదు. ఆయా తువ్వాల విప్పింది.

ముక్కు లేదు. ఒక చెంప లేదు.

సమ్మమ్మ కళ్లు మూసుకోబోయి ఆగిపోయింది.

ఎడమ చెవి తమ్మె, వీరభద్రం ఫోటోలో ఉన్నట్టే, రెండుగా చీలి ఉంది.