పల్చటి నీరు

"ఇదొక్కటే తెచ్చావేం? రక్తమేది?"

ల్యాబ్ మేడమ్ కిటికీలోంచి గద్దించేసరికి అతను చేతిలోని సీసా ఇంకాస్త ముందుకు జరిపాడు.

"నాన్న ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు మేడమ్. ఇప్పుడే తీశారు. ఇది చూస్తే చాలదా?"

"చాలదు. రక్తంతో పోల్చాలి. రక్తంలో ఉన్న ప్రోటీన్‌లో సగం కూడా ఈ నీటిలో లేకపోతే పల్చటి నీరు. గుండె నీరసపడి ఊరిందన్నమాట, మందులకి తగ్గిపోతుంది. సగం దాటిందా, చిక్కటి నీరు."

"చిక్కటిదైతే?"

పై అంతస్తు డాక్టరుగారి అనుమానం ఆమెకు తెలుసు. క్యాన్సర్ అనే మాట మాత్రం నోరు దాటి రాలేదు.

"ముందు మీ నాన్నని కుర్చీలో తోసుకుంటూ కింద రక్తం తీసే గదికి తీసుకెళ్ళు. ఊఁ, కదులు."

"పొద్దుట్నించీ గుచ్చుతూనే ఉన్నారు మేడమ్. చేతులు కమిలిపోయాయి. నెల్లాళ్ళుగా ముద్ద దిగక చిక్కి శల్యమైన మనిషి. సూది చూస్తే చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు."

"ఏడిస్తే ఏడవనీ. రక్తం లేందే నేను చెయ్యను."

అనేసింది గానీ ఆమెకు ప్రాణం చివుక్కుమంది.

అతను త్వరగానే తిరిగొచ్చాడు. రక్తం శాంపిల్ ఇచ్చి, మోచెయ్యి మడిచి గుండెకి ఆనించుకుని కిటికీ పక్కనే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "గుండె జబ్బే కావాలి దేవుడా" అని గొణుక్కుంటున్నాడు. కన్నతండ్రికి గుండె జబ్బు కావాలని మొక్కుకునే కొడుకులు ఎక్కడైనా ఉంటారా? ఈ కిటికీ దగ్గరైతే తరచూ ఉంటారు.

ఆ నీటికి చేసే ఎల్‌డీహెచ్ అనే మొదటి పరీక్ష, పల్చటికీ చిక్కటికీ మధ్య గీతకి వెంట్రుకవాసి ఇవతల ఆగి, ఎటూ తేల్చకుండా ఊరుకుంది. ఇక భారమంతా ప్రోటీన్ మీదే. అంకె తెర మీదికి వచ్చేదాకా ఆమె కూడా కూర్చోలేదు.

సగం లేదు! నమ్మకం కుదరక మళ్ళీ చేసింది. అదే అంకె. తిండి లేని ముసలాయన రక్తంలో ఇంత ప్రోటీనా అని ఆశ్చర్యపోయి, గట్టి పిండమే అనుకుంది.

ఫలితం డాక్టరుకి తప్ప ఎవరికీ చెప్పకూడదు. ఆమె ఏనాడూ ఆ నియమం తప్పలేదు. డాక్టరుకి ఫోన్ చేసి చెప్పింది. "అయితే ఊపిరితిత్తి ముక్క తీసే పరీక్ష మానేద్దాం, సాయంత్రం ఇంటికి పంపేస్తాను" అన్నాడాయన. అది విన్నాక ఇక ఆమె నోరు ఆగలేదు.

"పల్చటి నీరే నాయనా. గుండెదే."

అతను గోడకి చేరగిలబడి బావురుమన్నాడు. ఆ ఏడుపులోనే తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా, నాన్నకేం కాదు, రాత్రికి ఇంట్లో ఉంటాడు" అంటూ నవ్వాడు. తర్వాత కిటికీ దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"నాకెందుకు దండాలు? అంత బాధలోనూ సూదికి చెయ్యి చాచాడు చూడు, ఆ పెద్దాయనకి పెట్టు."

అతను సిగ్గుపడుతూ తల వంచుకున్నాడు.

"నాన్నని ఏడిపించలేక నా రక్తమే ఇచ్చానమ్మా."