నొప్పి లేదుగా

ఆడపడుచు బ్లేడుతో వదిన జాకెట్టు కుట్లు విప్పుతోంది. ఆపరేషన్లో వదినకు ఎడమ రొమ్ము తీసేశారు.

"ఈ వైపు గుడ్డ మడతపెట్టి కుట్టనా వదినా?"

"కాస్త ఎక్కువే పెట్టు పిల్లా. పెళ్ళినాడు కూడా లేని షోకు ఇప్పుడు చేస్తాను."

ఇద్దరూ నవ్వారు.

"గడ్డ ముందే చేతికి తగల్లేదా?"

"ఏడాదిపాటు తగులుతూనే ఉంది. నొప్పి లేదుగా అని ఊరుకున్నాను."

"నొప్పి లేకపోతే ఏం కాదంటారుగా?"

"నేనూ అదే నమ్మాను. నొప్పి తెలిసేసరికి చంకలోకి పాకింది."

ఆడపడుచు చేతిలో బ్లేడు ఆగిపోయింది. మోచేయి మెల్లగా తన రొమ్ముకే ఆనుకుంది. వదిన అది చూసింది.

"నీకెన్నాళ్ళ నుంచే?"

ఆడపడుచు బ్లేడు కింద పెట్టింది.

"డాక్టరమ్మ ఒంటిగంట దాకా ఉంటుంది," అంది వదిన.

ఆడపడుచు జాకెట్టును వదిన ఒళ్ళో పెట్టి, చెప్పులు వేసుకుని గుమ్మం దాటింది.